చర్చిలో మాత్రం ఉపవాసం

1982 అక్టోబర్ 3, ఆదివారం

కోడికూర సగం గిన్నె ఇంటికి తిరిగొచ్చింది. ఈ ఆరేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఈ రోజు మొదటి ఆదివారం కాబట్టి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం లాగే కింద బేస్‌మెంట్‌లో ప్రేమవిందు, అందరం తెచ్చినవి కలిపి తినడం. తెల్లవాళ్లు వాళ్ల ఆరాధన ముగించుకుని మధ్యాహ్నం చర్చి మన తెలుగు సంఘానికి వదులుతారు కదా, వాళ్ల కాఫీ వాసన పోకముందే మన పొయ్యి మీద గిన్నెలు వేడెక్కాలి. ఆరేళ్లుగా ఆ పొయ్యి మీద మొదట ఎక్కేది నా కోడికూరే. ఈ రోజు నేను వెళ్లేసరికి అక్కడ ఒక మట్టికుండ ఉంది.

మా సంఘంలోని దైవాశీర్వాదం గారి భార్య లూసీది. నర్సాపురం నుంచి అమెరికా వచ్చి నెల కాలేదు. ఆ కుండని చీరల్లో చుట్టి సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకుందట. అందులో చేపల పులుసు. చేప ఎక్కడ దొరికిందమ్మా అంటే న్యూబ్రన్స్‌విక్‌లో అంది. డ్యూటీకి హాస్పిటల్‌కి వెళ్తూ రోజూ ఆ షాపు ముందు నుంచే డ్రైవ్ చేస్తాను. ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు.

మూత తీయగానే మగవాళ్లంతా ప్రార్థన కాకముందే లేచి నిలబడ్డారు. ఈయన మూడుసార్లు పెట్టించుకున్నారు. నేనేం లెక్కపెట్టలేదు, కనిపించింది.

నాకేం అసూయ లేదు. కొత్తగా వచ్చిన పిల్ల, నలుగురూ మెచ్చుకుంటే మంచిదే. కాకపోతే పులుసు వాసన కర్టెన్లకి కూడా పట్టేసింది. తెల్లవాళ్లు ఏమనుకుంటారో అని నా భయం.

అక్టోబర్ 4

ఈయన ఆఫీసు డబ్బాలో కోడికూర పెట్టాను.

అక్టోబర్ 6

కోడికూర. ఈయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం కూడా ఒక అనడమే.

అక్టోబర్ 10, ఆదివారం

ఇది ఎక్కడైనా రాసుకోవాలి, లేకపోతే కడుపు ఉబ్బి పోయేలా ఉన్నాను.

ఈ సంఘం నా వంటింట్లో పుట్టింది. డెబ్బై ఆరులో నాలుగు కుటుంబాలు మా పిస్కాటవే అపార్ట్‌మెంట్‌లో కార్పెట్ మీద దుప్పటి పరుచుకుని ప్రార్థన చేశాం. ఆ రోజు ఇంట్లో గుడ్లు తప్ప ఏమీ లేవు. గుడ్ల కూర చేసి అందరికీ పెట్టాను. వాక్యం ఎంతమందికి గుర్తుందో తెలియదు గానీ ఆ గుడ్ల కూర అందరికీ గుర్తుంది. అప్పటి నుంచి వడ్డించే గరిటె నాదే. ఎవరూ నాకు ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. అది అంతే.

ఈ రోజు సండే స్కూల్ నుంచి మా అమ్మాయి రూత్‌ని తీసుకురావడానికి పైకి వెళ్లి దిగేసరికి గరిటె లూసీ చేతిలో ఉంది. నా గరిటె. చెక్క పిడి ఉన్నది, మా అమ్మ తెనాలి నుంచి పంపింది. అందరూ పేపర్ ప్లేట్లు పట్టుకుని లూసీ ముందు లైన్ కట్టారు. మార్తమ్మ గారు కూడా. ఈ ముసలామెకి నా చేతి కూర లేకపోతే ఆదివారం కాదు అనుకునేదాన్ని.

నన్ను చూసి లూసీ నవ్వింది. "అక్కా, రండి. మీ కోసమని తలకాయ ముక్క తీసి పక్కన పెట్టానండి."

మా వైపు తలకాయ ముక్క ఇంటికొచ్చిన చుట్టానికి పెడతారు. అంటే ఇక్కడ లూసీ ఇంటి మనిషి, నేను చుట్టాన్ని.

"నేను ఈ రోజు ఉపవాసం" అన్నాను.

ఎందుకన్నానో. పొద్దున్నే రెండు అట్లు తిని వచ్చాను. నోట్లోంచి అదే వచ్చేసింది. లైన్‌లో ఎవరో మెల్లగా "స్తోత్రం" అన్నారు. లూసీ ప్లేటు కింద పెట్టేసి, ఏదో తప్పు చేసినట్టు "అయ్యో, తెలీక అడిగానండి" అంది.

బహుశా దేవుడే నాతో అలా అనిపించి ఉంటాడు. ఈ మధ్య ప్రార్థన తగ్గింది కూడా.

అక్టోబర్ 17, ఆదివారం

ఈ రోజూ ఉపవాసం అని చెప్పాను. ఒక్క వారంతో ఆపితే పోయిన వారం ఎందుకున్నట్టు?

సత్యానందం గారు వారమంతా మందుల కంపెనీలో పని చేసి ఆదివారం మాకు పాస్టర్‌గా నిలబడతారు. ఆయనకి ప్రసంగంలో ఉదాహరణ దొరకడమే కష్టం. ఈ రోజు దొరికింది. "మన మధ్య ఒక సహోదరి, పేరు చెప్పను, అందరికీ వండిపెట్టి తాను మాత్రం ముట్టకుండా ప్రార్థనలో గడుపుతోంది" అన్నారు. పేరు చెప్పకపోయినా అందరూ నా వైపు తిరిగారు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను. అది వినయం అనుకున్నారు.

బాగుంది. ఎందుకు దాచాలి, ఇది నా డైరీ. చాలా బాగుంది. లూసీ పులుసు గురించి ఈ రోజు ప్రసంగంలో ఎవరూ చెప్పలేదు.

అక్టోబర్ 24, ఆదివారం

ఆకలి ఒక ఎత్తు, చూస్తూ కూర్చోవడం ఒక ఎత్తు.

విందు దగ్గర నా కుర్చీ గోడ పక్కకి మారింది. ఉపవాసం ఉన్న మనిషి బల్ల దగ్గర కూర్చుంటే తినేవాళ్లకి ఇబ్బంది అని వాళ్లే మార్చారు, గౌరవంగా. అక్కడి నుంచి అందరి వీపులూ కనిపిస్తాయి.

మార్తమ్మ గారు ఎప్పటిలాగే పెద్ద పళ్లెంలో అన్నం వేసుకుని, ఎవరెవరో తెచ్చిన కూరలన్నీ కొంచెం కొంచెం కలిపి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని చేతుల్లో ముద్దలు పెట్టింది. ఆమె కొడుకు భాస్కర్ చర్చి గుమ్మం దగ్గర దింపేసి వెళ్లి సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడు. కోడలు అమెరికన్ పిల్ల, మంచిదే, కానీ కొడుకు పనికెళ్లాక ఆ ఇంట్లో తెలుగు మాట్లాడటానికి గానీ అన్నం కలపడానికి గానీ ఎవరూ లేరు. వారమంతటి మాటలూ, వారమంతటి తిండీ ఆమెకి ఇక్కడే. ఆ పళ్లెంలో ఇది వరకు నా కోడికూర పైన ఉండేది. ఈ రోజు పులుసులో అన్నం ఎర్రగా మెరిసింది. ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్లలు కూడా "బామ్మా, మోర్ ఫిష్" అంటున్నారు. నా రూత్ అందరికంటే ముందు చెయ్యి చాపింది.

ఇంటికి రాగానే కోటు కూడా విప్పకుండా ఫ్రిజ్ తలుపు తీసి, నిలబడే చల్లటి కూర అన్నంలో కలుపుకుని తిన్నాను. వెనక రూత్ నిలబడి చూస్తోంది.

"మమ్మీ, ఫాస్టింగ్ అంటే చర్చ్‌లో తినకపోవడమేనా?"

వెళ్లి హోంవర్క్ చేసుకోమన్నాను. తొమ్మిదేళ్లకే ప్రతిదానికీ ప్రశ్న.

అక్టోబర్ 31, ఆదివారం

ఉపవాసం. పిల్లలకి పంచడానికి కొన్న చాక్లెట్లు నాలుగు పార్కింగ్ లాట్‌లో కార్‌లోనే తినేశాను. నాకేం అసూయ లేదు.

నవంబర్ 7, ఆదివారం

మొదటి ఆదివారం. రొట్టె ఇచ్చే ముందు సత్యానందం గారు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు. ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉంటే ముందు అది సరిచేసుకోండి, ఆ తర్వాతే చెయ్యి చాపండి అని. కళ్లు మూసుకున్నాను. నా మనసంతా వెతుక్కున్నాను. ఎవరి మీదా ఏమీ లేదు. చెయ్యి చాపాను. అరచేతిలో రొట్టె ముక్క పెట్టారు. తిన్నాను. పొడిగా ఉండి గొంతులో కొంచెం పట్టేసింది. ఈసారి రొట్టె చేసినవాళ్లు పాలు తక్కువ పోసి ఉంటారు.

తర్వాత కిందకి వెళ్తే పొయ్యి మీద మట్టికుండ లేదు. నా ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే లూసీ నా దగ్గరకి వచ్చి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"అక్కా, ఈ వారం నుంచి నేనూ మీతోపాటు ఉపవాసం ఉంటానండి. మీరొక్కరే ఎన్నాళ్లని ఉంటారు."

"మంచిదమ్మా" అన్నాను.

వంట తీసుకుంది. గరిటె తీసుకుంది. ఇప్పుడు ఉపవాసం కూడా తీసుకుంది. పైగా అది నిజంగా ఉంటోంది. శనివారం సాయంత్రం నుంచి మంచినీళ్లు తప్ప ముట్టలేదట. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అందరూ దాన్ని చూసి జాలిపడుతుంటే పక్కన నేను అట్లు తిన్న మొహంతో కూర్చున్నాను.

నవంబర్ 14, ఆదివారం

ప్రతివారం విందుకి పప్పు తెచ్చే మణి గారు ఉపవాసం మొదలుపెట్టారు. ఇంకో ముగ్గురు కూడా. వండేవాళ్లంతా ఉపవాసం ఉంటే వండేదెవరు? మగవాళ్లు పిల్లల కోసం పిజ్జా తెప్పించారు. మార్తమ్మ గారు పిజ్జా ముక్క పట్టుకుని దాన్ని ఎటు నుంచి కలపాలో తెలియక అలాగే ఉండిపోయింది.

నేను కోడికూర తీసుకెళ్లొచ్చు. తీసుకెళ్తే "మీరు ఉపవాసం ఉండి కూడా" అని ఇంకా పొగుడుతారు. ఈసారి ఆ పొగడ్త వద్దనిపించింది. ఎందుకో తెలియదు.

నవంబర్ 21, ఆదివారం

బేస్‌మెంట్‌లో బల్లలు మడతపెట్టే ఉన్నాయి. ఎవరూ తెరవలేదు. ఆరాధన అయిపోగానే కోట్లు వేసుకుని, చేతులు కలిపి వెళ్లిపోయారు. ఇది వరకు సాయంత్రం దాకా ఎవరు ఉద్యోగం మారుతున్నారు, ఎవరికి గ్రీన్ కార్డ్ వచ్చింది, ఎవరింట్లో ఎవరికి బాగాలేదు, అన్నీ తింటూనే తెలిసేవి. ఈ రోజు ఎవరి సంగతీ ఎవరికీ తెలియలేదు.

మార్తమ్మ గారు మాత్రం తన స్టీలు పళ్లెం ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. కొడుకు సాయంత్రం దాకా రాడు. నన్ను దగ్గరకి పిలిచింది.

"నీ ఉపాసం ఎప్పుడైపోద్దమ్మా? నాకాకలేత్తంది."

రూత్ స్నాక్ కోసం బ్యాగులో ఉన్న బిస్కెట్లు ఇచ్చాను. ఆమె ఒక్కటి తీసుకుని, రెండు ముక్కలు చేసి, సగం నాకు ఇవ్వబోయి, "అన్నట్టు నువ్వు తినవుగా" అని ఆపేసింది.

నవంబర్ 25, థాంక్స్‌గివింగ్

ఈసారి మమ్మల్ని ఎవరూ పిలవలేదు, మేము ఎవరినీ పిలవలేదు. ముగ్గురికి టర్కీ ఎక్కువని కోడి కాల్చాను.

ఈయన ప్లేటు పక్కకి జరిపారు. తర్వాత అన్నారు. "కుమారీ, దేవుడి కోసం ఉపవాసం ఉన్నవాళ్లని చూశాను. మనిషి మీద కోపంతో ఉపవాసం ఉన్నదాన్ని నిన్నే చూశాను."

"నాకెవరి మీదా కోపం లేదు" అన్నాను.

"నేనేం గుడ్డివాడినా? ప్రతి ఆదివారం ఇంటికొచ్చి ఫ్రిజ్ ముందు నిలబడి తింటావు. ఆ అమ్మాయి ఏం చేసింది నీకు?"

"మూడుసార్లు పెట్టించుకున్నారు కదా" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. రెండు నెలల కిందటి సంగతి మరి. నా మాట మాత్రం నాకే వినిపించింది. రూత్ తల ఎత్తి నన్ను చూసింది. నేను లేచి గ్రేవీ వేడి చేసే నెపంతో వంటింట్లోకి వెళ్లి, పంపు తిప్పి వదిలి ఏడ్చాను.

అవును, అసూయే. రాస్తున్నాను చూడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని, నైట్ డ్యూటీలో చావు బతుకుల మధ్య ఉన్నవాళ్లని చూసుకునేదాన్ని, చేపల పులుసు దగ్గర ఓడిపోయాను. దాని పులుసు ఇప్పటికీ నేను రుచి చూడలేదు. బాగుంటుందేమోనని భయం.

నవంబర్ 28, ఆదివారం

సత్యానందం గారు ప్రకటన చేశారు. సంఘంలో ఉజ్జీవం మొదలైందట, అందరిలో భక్తి మళ్లీ రగిలిందట. కాబట్టి జనవరి నుంచి ప్రేమవిందు తీసేసి ఆ సమయంలో ఉపవాస ప్రార్థన పెడదామన్నారు. వచ్చే ఆదివారం అందరి అభిప్రాయం అడుగుతారట. అందరూ స్తోత్రం అన్నారు. అందరి గొంతులూ నీరసంగానే ఉన్నాయి. ఈ ఉజ్జీవానికి కారణమైన సహోదరి అని మళ్లీ నా వైపే చూశారు.

మార్తమ్మ గారు రాలేదు. భాస్కర్ ఒక్కడే వచ్చి వెనక నిలబడ్డాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"బాగానే ఉందండీ. అన్నం లేని చర్చికి ఎందుకురా, ప్రార్థన ఇంట్లో చేసుకుంటానులే అంది. వారం నుంచి సరిగ్గా మాట్లాడట్లేదు కూడా."

గుడ్ల కూరతో మొదలుపెట్టిన బల్ల ఇది. ఆరేళ్లు వండి నిలబెట్టాను. రెండు నెలలు తినకుండా పడగొట్టాను. ఎవరూ నన్ను తిట్టరు, అదే బాధ. పొగుడుతూనే ఉంటారు.

డిసెంబర్ 1

ఫోన్ తీశాను. పెట్టేశాను.

డిసెంబర్ 2

లూసీ నంబర్ నోటికి వచ్చేసింది. ఫోన్ మాత్రం చేయలేదు. నేను చేస్తే అది గెలిచినట్టు కదా. ఏం గెలుస్తుంది? రెండు రోజులుగా ఇదే అడుగుతున్నాను నన్ను నేను.

డిసెంబర్ 4, శనివారం

చేశాను.

"లూసీ, రేపు చేపల పులుసు పట్రా."

"మీరు ఉపవాసం కదండీ అక్కా?"

"నేను అన్నం వండుకొస్తాను. నువ్వు పులుసు పట్రా."

"కోడికూర తేరాండీ?"

"లేదు. అన్నమే."

తర్వాత అడిగింది. "తలకాయ ముక్క తీసి పెట్టమంటారా?"

"పెట్టు" అన్నాను.

ఆ తర్వాత భాస్కర్‌కి ఫోన్ చేసి, రేపు అన్నం ఉందని మీ అమ్మగారికి చెప్పు అన్నాను. అతను ఫోన్ పక్కన పెట్టి తెలుగులో అరిచాడు. అవతల గిన్నె ఏదో కింద పడిన చప్పుడు వినిపించింది.

డిసెంబర్ 5, ఆదివారం

ఈ రోజు అట్లు వేసుకోలేదు. ఉపవాసం అని కాదు, ఏమీ దిగలేదు.

ప్రభువు బల్ల దగ్గర సత్యానందం గారు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు. ఈసారి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. రొట్టె పళ్లెంతో నా ముందుకి వచ్చి నిలబడ్డారు. నేను చేతులు చీర కొంగులోనే ఉంచుకున్నాను. ఆయన ఒక్క క్షణం ఆగారు. మా సంఘంలో బల్ల తీసుకోకపోతే ఆ రోజు ఇళ్లకి వెళ్లేదాకా ఆ ముచ్చటే. తెలిసే ఉంచుకున్నాను. ఆయన పక్కకి జరిగారు. లూసీ చూసింది. ఈయన చూశారు. రూత్ నా చెయ్యి పట్టుకుంది.

ఆరాధన అయ్యాక సత్యానందం గారు అడిగారు. "సహోదరీ, జనవరి నుంచి ఉపవాస ప్రార్థన సంగతి..."

"నా ఉపవాసం అయిపోయిందండీ. ఎప్పుడూ లేదు కూడా. కింద అన్నం చల్లారిపోతోంది, రండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మెట్లు మాత్రం అందరికంటే ముందు దిగారు.

బల్లలు నేనూ మణి గారూ కలిసి తెరిచాం. పొయ్యి మీద మట్టికుండ, పక్కన నా అన్నం గిన్నె. కూర లేకుండా ఉత్త అన్నంతో నేను చర్చికి రావడం ఇదే మొదటిసారి. గరిటె నా చేతిలోనే ఉంది. లూసీ కుండ మూత తీసి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. దాని దగ్గరకి వెళ్లి గరిటె ఇచ్చాను.

"నువ్వు వడ్డించు."

తీసుకుంది. నా మొహం చూడకుండా పులుసు కలుపుతూ మెల్లగా అంది. "మొదటి వారమే తెలిసిందక్కా నాకు, మీరు నా మీద అలిగారని. మీరు గోడ పక్కన కూర్చుని నా కుండ వంక చూస్తుంటే నాకు ముద్ద దిగేది కాదండి. ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని. మీరు తినకపోతే నేనూ తినకూడదనుకున్నాను, అంతేనండి. అదేం భక్తి కాదు."

నేను ఏదో అనాలి. క్షమించమనాలి. "చింతపండు ఎక్కడ కొన్నావు?" అన్నాను.

"మా అమ్మ పంపిందండి. మీకు సగం ఇస్తాను."

మార్తమ్మ గారు అప్పటికే పళ్లెంలో అన్నం కలిపేసి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుంది. నన్ను చూసి, "అయిపోయిందా నీ ఉపాసం?" అంది.

"అయిపోయింది పెద్దమ్మా."

"అయితే కూకో. నువ్వు కూడా రాయే లూసీ. పిల్లల్లో కూకోండి ఇద్దరూ."

కింద చాప మీద కూర్చున్నాం, రూత్‌కి అటూ ఇటూ. "చెయ్యి పట్టు" అంది మార్తమ్మ గారు. చాపాను. అరచేతిలో ముద్ద పెట్టింది. నా అన్నం, దాని పులుసు. వెచ్చగా ఉంది. తర్వాత లూసీ చేతిలో పెట్టింది. నెల రోజులుగా ఆదివారాలు నిజంగా పస్తులున్నది అదే కదా, గబగబా తినేసి మళ్లీ చెయ్యి చాపింది. పిల్లలు నవ్వారు.

నేను తిన్నాను.

బాగుంది. నా కోడికూర కంటే బాగుంది. ఈ ముక్క రాయడానికి పెన్ను రెండుసార్లు కింద పెట్టాను. ఉప్పు ఒక పలుకు ఎక్కువ, కానీ ఎవరికీ చెప్పలేదు. తలకాయ ముక్క మార్తమ్మ గారు, నేను, లూసీ పంచుకున్నాం. అన్నం మూడుసార్లు పెట్టించుకున్నాను. ఈయన దూరం నుంచి లెక్కపెట్టడం చూశాను.

జనవరి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆకలి మీద ఉన్న మనుషుల్ని అభిప్రాయం అడిగే ధైర్యం సత్యానందం గారికి లేకపోయింది. వచ్చే నెల బల్ల దగ్గర చెయ్యి చాపగలనేమో చూడాలి.

రెండు గిన్నెలూ ఖాళీగా వచ్చాయి. రేపు ఈయన డబ్బాలోకి ఏమీ లేదు.